మా వీధిని కట్టిన మేస్త్రి తాత వాళ్ళు

విశాఖ అక్కయ్యపాలెంలో ఎనభై అడుగుల రోడ్డు మీంచి లోపలికి తిరిగే వీధుల్లో పాత ఇళ్ళు ఇప్పుడు వెతుక్కుంటేగానీ కనబడవు. రెండు అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుని ఎక్కడో ఒకటి ఉంటుంది. ముందు చిన్న వరండా, వరండాకి సిమెంటు జాలీ, పైన పిట్టగోడ. ఆ జాలీలో నాలుగు రేకుల పువ్వు, దాని చుట్టూ చక్రం ఉంటే ఇక అడగక్కర్లేదు, ఆ ఇల్లు మేస్త్రి తాత వాళ్ళు కట్టిందే. ఆ పువ్వు ఇంకెవరూ పొయ్యలేదు. దాని చెక్క అచ్చులు వాళ్ళ పెరట్లోనే ఉండేవి, ఎవరికీ అరువిచ్చేవారు కాదు.

మా వీధిలో ఇంచుమించు అన్ని ఇళ్ళూ, పక్క రెండు వీధుల్లో సగం ఇళ్ళూ ఆ ఒక్క కుటుంబం చేతుల మీదుగా లేచినవే. గుమ్మాల పక్కన పాలరాతి పలకల మీద పోర్టు గుమాస్తాల పేర్లు, రైల్వే గార్డుల పేర్లు, ఒక లెక్చరర్ గారి పేరు చెక్కి ఉండేవి. కట్టినవాళ్ళ పేరు ఏ పలక మీదా లేదు. ఊరందరికీ ఆయన మేస్త్రి గారు, ఆయన భార్య మేస్త్రమ్మ. పిల్లలం మేము మేస్త్రి తాత అనేవాళ్ళం. ఇక్కడా అలాగే రాస్తాను.

వాళ్ళది చీపురుపల్లి వైపు పల్లె. తాత వాళ్ళ నాన్న హార్బరు పనులకి కూలీగా వచ్చాడట. 1933లో రేవు తెరిచే ముందు, సముద్రం పోటుకి అడ్డంగా రెండు పాత ఓడల్ని ముంచి, వాటిని ఆనుకుని రాళ్ళు పోశారు. "ఆ రాళ్ళల్లో మా అయ్య మోసినవి కూడా ఉన్నాయి" అని తాత చెప్పుకునేవాడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి బాంబులు వేశాక ఊరు ఊరంతా మూటలు కట్టుకున్నప్పుడు వీళ్ళూ పల్లెకి వెళ్ళిపోయారు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చారు. ఈసారి కుర్రాడైన తాత చేతికి తట్ట కాకుండా తాపీ వచ్చింది. షిప్‌యార్డు వైపు, యూనివర్సిటీ వైపు పెద్ద మేస్త్రిల దగ్గర పని నేర్చుకున్నాడు. సొంతంగా పని పట్టడం మాత్రం మా వైపు వచ్చాకే.

ఆ రోజుల్లో ఇటు తాటిచెట్లు, గరువు భూములు, వాటి మధ్య కొండల మీంచి దిగే గెడ్డలు. రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, పోర్టు విస్తరణ అన్నీ ఒకదాని వెనక ఒకటి రావడంతో ఉద్యోగస్తులు పెరిగారు. క్వార్టర్స్ అందరికీ చాలవు. రెండు వందల గజాల స్థలం కొనుక్కుని, పి.ఎఫ్. లోను పెట్టుకుని ఇల్లు మొదలుపెట్టేవాళ్ళు. ఆ పని ఎవరికివ్వాలో అడిగితే అందరూ చూపించే ఇల్లు ఒకటే, బెంగుళూరు పెంకుల కప్పు, పెరట్లో ఇసుక కుప్ప, నూతి వరలు, ఆరబెట్టిన జాలీలు ఉన్న ఇల్లు.

స్థలం చూడడానికి వస్తే తాత ముందు స్థలం చూసేవాడు కాదు. పాలెంలో ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి, పెద్ద వాన పడ్డప్పుడు గెడ్డ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కనుక్కునేవాడు. వచ్చి ఒక మేకు పాతి "బాబూ, మీ గచ్చు దీనికి పైన ఉండాల. తక్కువైతే నాను కట్టను" అనేవాడు. మా నాన్న మూడు మెట్లు దండగన్నారు, రెండు చాలన్నారు. ఆ మట్టి నింపుడు ఖర్చు గురించి వాళ్ళిద్దరికీ వారం రోజులు మాటల్లేవు. చివరికి మూడే వేశారు. మా ఎదురింటాయన పట్టుబట్టి రెండు వేయించుకున్నారు. ఆ తర్వాత ప్రతి తుఫానుకీ వాళ్ళ బియ్యం డబ్బాలు మా వరండాలో ఉండేవి.

పునాదికంటే ముందు నుయ్యి. ఇంటి పనికి నీళ్ళు అందులోంచే తోడాలి. కుళాయి నీళ్ళు నమ్ముకునే రోజులు కావవి. పునాదికి కొండరాయి, బళ్ళ మీద వచ్చేది. ఎర్రగా, పసుపుగా, అక్కడక్కడ మెరుస్తూ ఉండే రాయి. మా పక్కింటి లెక్చరర్ గారు జియాలజీ. దాన్ని ఖోండలైట్ అంటారనీ, విశాఖ చుట్టూ ఉన్న కొండలు చాలావరకు అదేననీ, అందులో ఎర్రటి చుక్కలు గార్నెట్లనీ ఆయన చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి పిల్లలం రాయి కొట్టేవాళ్ళ పక్కన కూర్చుని ఎర్ర పూసలు ఏరడమే పని. కెంపులని అమ్మేద్దామని అగ్గిపెట్టెల్లో దాచాం. ఎవరూ కొనలేదు.

ఇసుక విషయంలో తాత మొండి. సముద్రం పక్కనే ఉంది కదా, బీచ్ ఇసుక బండికి తక్కువ పడుతుంది కదా అని చాలామంది ఆశపడేవారు. ఆయన ఏటి ఇసుకే కావాలనేవాడు. బండి వచ్చాక గుప్పెడు తీసి నాలుక మీద వేసుకుని చూసి, ఉప్పగా ఉంటే బండిని అటే తిప్పి పంపేసేవాడు. "ఉప్పు ఊరుకోదు బాబూ. ఇయ్యాల గోడలో దాక్కుంటాది, పదేళ్ళకి పైకొస్తాది" అనేవాడు. విశాఖలో ఇల్లున్నవాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు. వేసిన సున్నం పొడిపొడిగా రాలడం, గోడ కింది మూరెడు ఎప్పుడూ చెమ్మగా ఉండడం, మేకు కొడితే పెచ్చు ఊడిరావడం అందరం చూసినవే.

సిమెంటు అప్పట్లో కంట్రోలు. పర్మిట్ కోసం ఆఫీసు చుట్టూ తిరగాలి. ఇన్ని బస్తాలని రాసిస్తే అన్నీ వచ్చేవీ కావు. వచ్చిన సిమెంటుని తాత స్లాబుకీ, గచ్చుకీ, జాలీలకీ దాచిపెట్టి గోడలు గానుగ సున్నంతో లేపేవాడు. వీధి చివర ఖాళీ స్థలంలో గానుగ ఉండేది. గుండ్రటి కాలువలో సున్నం, ఇసుక పోసి, రాతి చక్రాన్ని ఎద్దుతో తిప్పిస్తే అది వెన్నలా అయ్యేదాకా నలిగేది. పై పూతకైతే కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. ఆ వాసన వల్ల మాకు ఆకలేసేది, సున్నం అని తెలిసినా సరే. ఇంటికొకసారి ఎద్దు వెనక గుండ్రంగా తిరిగి కళ్ళు తిరిగి పడిపోవడం మా ఆట.

ఇప్పుడు మేస్త్రమ్మ దగ్గరికి రావాలి. కట్టుబడి అంటే అందరూ తాతనే తలుచుకుంటారు కానీ నా దృష్టిలో ఆ కుటుంబంలో అసలు పనిమంతురాలు ఆవిడే.

మా ఇళ్ళల్లో ఎర్ర సిమెంటు గచ్చు ఉండేది. మొజాయిక్ డబ్బున్నవాళ్ళది, కడప బండలు వంటింటికి. హాలుకీ గదులకీ ఈ ఎర్ర గచ్చే. ఆ గచ్చు మేస్త్రమ్మ తప్ప ఇంకొకరు వేస్తే తాతకి నచ్చేది కాదు. ఆవిడ పొద్దున్నే తలారా నీళ్ళు పోసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపి, గదిలోకి వెళ్ళి కిటికీలు మూయించేది. గాలికి దుమ్ము రాకూడదు, త్వరగా ఆరకూడదు. కింద వేసిన సిమెంటు పొర ఇంకా పచ్చిగా ఉండగానే ఎర్ర రంగు కలిపిన సిమెంటుని చేత్తో సమంగా చల్లి, తాపీతో రుద్దుకుంటూ, గుమ్మానికి ఎదురు మూల నుంచి వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చేది. మధ్యలో లేవడం లేదు. లేస్తే అక్కడ అతుకు కనబడుతుంది. తాపీ పని అయ్యాక నున్నటి గులకరాయితో రుద్దేది. ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. బయట అడుగు పెట్టి నడుం పట్టుకుని ఓ నిమిషం నిలబడి, అప్పుడు మంచినీళ్ళు అడిగేది.

తర్వాత వారం రోజులు గది నిండా నీళ్ళు నిలబెట్టాలి. ఆరాక కొబ్బరినూనెతో రుద్దుతూ ఉంటే ఏడాదికల్లా మొహం కనబడేంత నునుపు తేలేది. వేసవిలో ఆ గచ్చు మీద చాప కూడా లేకుండా పడుకునేవాళ్ళం. ఎదురింటి హాల్లో ఒక మూల కోడి అడుగులు నాలుగు ఉండేవి. గచ్చు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో తలుపు తీశారు. మేస్త్రమ్మ ఆ మూల తవ్వి మళ్ళీ వేస్తానంది. ఆ ఇంటావిడే వద్దంది, లక్ష్మీదేవి పాదాల్లా ఉన్నాయని.

మా ఇంటి గచ్చు అయిన రోజు కూలి దగ్గర గొడవైంది. నాన్న ఆడకూలి రేటు లెక్కగట్టి ఇవ్వబోయారు. ఆవిడ డబ్బులు తీసుకోలేదు. తాపీ గుమ్మంలో పెట్టి, దాని పక్కన కూర్చుని, "ఇది పట్టుకున్నోళ్ళకి ఏటిస్తారో అదే ఇయ్యండి బాబుగోరూ. తట్ట మోసినోళ్ళకిచ్చేది నాకొద్దు" అంది. తాత అవతల బీడీ వెలిగించుకుని ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్నాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నాన్న చేతిలో మిగతా డబ్బులు పెట్టింది. ఆ డబ్బులు మేస్త్రమ్మ చేతికి చేరాయి. ఆ సంగతి వీధంతా పాకింది. ఆ తర్వాత గచ్చుకి ఎవరూ ఆవిడతో బేరం ఆడలేదు.

స్లాబు వేసే రోజు మాకు పండగ. ముందు రోజు రాత్రే నల్ల మెటల్, అంటే కంకర, ఇసుక కొలిచి కుప్పలు పోసేవారు. తెల్లారకుండానే రాజాం, పాలకొండ వైపు నుంచి వచ్చిన కూలీలు, ఆడా మగా, పరంజా మెట్ల మీద వరసగా నిలబడేవారు. మిల్లరు లేదు. కింద ఇనప రేకు మీద పారలతో కలపడం, తట్టల్లోకి ఎత్తడం, చేతుల మీదుగా పైకి అందించడం. సిమెంటు ఒకటి, ఇసుక రెండు, మెటల్ నాలుగు. తాత పైనుంచి "ఒకటి, రెండు, నాలుగూ" అని అరిచేవాడు, కింద కలిపేవాళ్ళు తప్పుతారేమోనని. మేము కూడా బడిలో లెక్కల పీరియడ్‌లో అలాగే అరిచి తన్నులు తిన్నాం. మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు. ఆగితే అక్కడ జాయింటు పడి జన్మంతా కారుతుంది. కూలీలు వంతులవారీగా తినేవారు. భోజనం ఇంటివాళ్ళే పెట్టాలి, మాంసం కూర ఉండాలి. మా ఇంట్లో నీసు వండరు కాబట్టి నాన్న డబ్బులిస్తే మేస్త్రమ్మ వాళ్ళ ఇంట్లో వండించి తెచ్చారు. నేను ఆ ఇంట్లోనే మొదటిసారి మాంసం తిన్నానని మా అమ్మకి ఇప్పటికీ తెలీదు.

మర్నాడు స్లాబు మీద మట్టితో చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నింపేవారు. వాటిల్లో కాగితం పడవలు. సెంట్రింగ్ విప్పేదాకా నాన్నకి టెన్షన్, మాకు సరదా. పిట్టగోడ మూలల్లో చువ్వలు మూరెడు పైకి వదిలేసేవారు, ఎప్పటికైనా పైన వాటా వేసుకోవచ్చని. ఆ చువ్వలకి దండెం కట్టి పాతికేళ్ళు బట్టలు ఆరేసుకున్నవాళ్ళు మా వీధిలో ఉన్నారు.

తాత కట్టిన ఇళ్ళు అన్నీ గొప్పవని నేననను. వంటిళ్ళు చీకటి గుయ్యారాలు. ఆడవాళ్ళు ఎంత మొత్తుకున్నా కిటికీ రెండడుగులకి మించేది కాదు. బాత్రూం పెరట్లో ఓ మూల. అందరికీ ఒకే నమూనా, వరండా, హాలు, పక్క గది, వంటిల్లు, వెనక వసారా. ప్లాన్ గీసినాయన కాగితం మీద ఇంకేం గీసినా చివరికి అదే తేలేది. పైగా ఒకేసారి మూడు చోట్ల పని ఒప్పుకుని, ఒక చోట మనుషుల్ని ఇంకో చోటికి మార్చి, మన ఇల్లు సగం గోడల్లో ఉండగా వారాల తరబడి మొహం చూపించేవాడు కాదు. జాలీల అందం గురించి పొగిడేవాళ్ళు వాటిల్లోంచి వచ్చే దోమల గురించి కూడా చెప్పాలి. విశాఖ దోమలకి నాలుగు రేకుల పువ్వు ఒక లెక్క కాదు.

కానీ ప్రతి ఇంటికీ రెండు వైపులా మూడేసి అడుగుల సందు వదిలించింది ఆయనే. అర అడుగు కోసం అన్నదమ్ములు కొట్టుకునే చోట తాడు లాగి, మేకు కొట్టి, "గాలికి దారి ఒగ్గీయండి" అనేవాడు. దక్షిణం గాలి ఒక సందులోంచి ఇంకో సందులోకి వెళ్ళి మా వీధిలో ఎవరింట్లోనైనా సాయంత్రం ఫ్యాను అక్కర్లేకుండా ఉండేది. ఆ సందుల్లో దొంగ పోలీసు ఆడుతూ ఒక వీధిలో మాయమై ఇంకో వీధిలో తేలేవాళ్ళం.

తాతకి ముగ్గురు కొడుకులు. పెద్దాయన తండ్రి వెంటే ఉన్నాడు. మూడోవాడు గల్ఫ్ వెళ్ళాడు, అతని గురించి నాకు పెద్దగా తెలీదు. రెండో ఆయన ఎనభైల్లో స్టీల్‌ప్లాంటు పనుల్లో చేరాడు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ ప్లాంటు నిజంగా లేచింది ఆ దశాబ్దంలోనే. మా ప్రాంతం మేస్త్రిలు, కూలీలు సగంమంది అటే వెళ్ళిపోయి, ఇళ్ళ పనులకి మనుషులు దొరకని కాలం అది. ఆయన తిరిగొచ్చేసరికి మాటే మారిపోయింది. మిల్లరు కావాలి, వైబ్రేటర్ కావాలి, చువ్వల కింద కవర్, అంటే వాటిని కప్పేంత సిమెంటు మందం, ఉండాలి అంటాడు. తాత కంకర ముక్కలు పెట్టి చువ్వల్ని పైకి లేపేవాడు. కొడుకు చిన్న చిన్న సిమెంటు బిళ్ళలు పోసి తెచ్చాడు. కవర్ తక్కువైతే ఉప్పు గాలి లోపలికి పోయి చువ్వ తుప్పు పడుతుందనీ, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటుని పగలగొట్టుకుని బయటికొస్తుందనీ అందరి ముందూ తండ్రికి పాఠం చెప్పాడు. తాతకి కోపం వచ్చింది. "ఉప్పు ఊరుకోదని నాను సెప్పలేదేటి? ఆడు ఇంగిలీసులో సెప్తే కొత్తా?" అని రెండు రోజులు పనిలోకి రాలేదు. మూడో రోజు వచ్చి ఆ బిళ్ళలే పెట్టించాడు.

1982లో సిమెంటు మీద కంట్రోలు కొంత సడలింది, 1989లో పూర్తిగా తీసేశారు. పర్మిట్లు పోయాయి, గానుగ మూలపడింది, పై వాటాలు లేచాయి. తొంభైల్లో ఇంకో గాలి వీచింది, వాస్తు. తాత కట్టిన మెట్లు ఈశాన్యంలో ఉన్నాయని కూలగొట్టడం, గేటు అటు తిప్పడం, నుయ్యి పూడ్చడం. పెద్ద కొడుకు కొత్త ఇళ్ళు కట్టినదానికంటే పాత ఇళ్ళకి వాస్తు మార్పులు చేసి ఎక్కువ సంపాదించాడని వీధిలో అనుకునేవారు. తాత అరుగు మీద కూర్చుని తను కట్టిన గోడలు తన కొడుకే పగలగొడుతుంటే చూసేవాడు. ఏమీ అనేవాడు కాదు. కూలి వస్తోంది కదా. ఆ దశాబ్దం చివర్లో పోయాడు.

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దుటి నుంచే గాలి, మధ్యాహ్నానికి తుఫాను సరిగ్గా మా ఊరి మీదే తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి. సింటెక్స్ ట్యాంకులు గాల్లో ఎగిరి పక్క వీధుల్లో పడ్డాయి. మెయిన్ రోడ్డు మీద అద్దాల బిల్డింగులు అద్దాలు లేకుండా మిగిలాయి. మా ఇంట్లో జాలీల్లోంచి వాన అడ్డంగా కొట్టి హాలంతా చెరువైంది. గోడా స్లాబూ మాత్రం కదల్లేదు. కప్పు లేచిపోయిన ఇల్లు మా వీధిలో ఒకటే, మేస్త్రి తాత వాళ్ళది. ఊరందరికీ స్లాబులు వేసిన మనిషి తన ఇంటికి పెంకులు మార్చుకోలేదు. కొడుకులు వేస్తామంటే వద్దన్నాడట, పెంకుటిల్లు చల్లగా ఉంటుందని.

ఆ మధ్యాహ్నం మేస్త్రమ్మని ఆవిడ పెద్ద కోడలు చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. అప్పటికి ఆవిడకి చూపు బాగా తగ్గింది. హాల్లో నీళ్ళు తోడుతుంటే కుర్చీలో కూర్చుని కాలితో గచ్చు తడిమి చూసింది. "ఇక్కడ కొబ్బరినూని రాయటం మానీసినారు" అంది అమ్మతో. అమ్మకి సిగ్గేసింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ దొరకదు. ఆ పరిస్థితుల్లో ఈవిడ గచ్చు గురించి అడుగుతోంది. దీపావళి దాకా మా ఇంట్లోనే ఉన్నారు. తర్వాత మనవడు ఆ ఇంటికి స్లాబు వేశాడు.

మనవడంటే రెండో కొడుకు కొడుకు. పాలిటెక్నిక్ చదివి, కొన్నాళ్ళు కంపెనీలో చేసి, ఇప్పుడు టైల్స్ పని కాంట్రాక్టుకి తీసుకుంటున్నాడు. మా ఇల్లు కూడా చివరికి డెవలప్‌మెంటుకి ఇచ్చేశాం. అన్నదమ్ముల వాటాలు తేలాలంటే వేరే దారి లేకపోయింది. గుమ్మాలు, టేకు తలుపులు పాత కలప కొట్టువాళ్ళు పట్టుకుపోయారు. జాలీలు కూలగొట్టేవాళ్ళ సమ్మెట దెబ్బకి పోయాయి, నేను ఒకటి ఉంచమని చెప్పేలోపే. మా వాటాకి వచ్చిన ఫ్లాటులో టైల్స్ పని మాత్రం ఈ కుర్రాడికే ఇప్పించాను.

అతను మొదటి రోజే బాత్రూంలో రసమట్టం పెట్టి చూసి, బిల్డర్ మనిషితో తగవు పెట్టుకున్నాడు. వాలు తలుపు వైపు ఉంది, నీళ్ళు తూము మీది జాలీ దగ్గరికి పోవు, కింద సిమెంటు తవ్వి మళ్ళీ వెయ్యాలన్నాడు. టైల్స్ కింద సర్దెయ్యమని వాళ్ళు. సర్దితే సర్దుకునేది కాదని ఇతను. "బాబాయిగారూ, మీరేమంటారు?" అని నన్నడిగాడు. తవ్వమన్నాను. రెండు రోజుల కూలి నా నెత్తిన పడింది. మా ఫ్లాటులో ఇప్పుడు చెంబెడు నీళ్ళు ఒలికినా నేరుగా జాలీలోకి పోతాయి. మిగతా ఫ్లాట్లలో పోవు. పై అంతస్తు ఆవిడ రోజూ పొద్దున్న వైపర్ పట్టుకుని తిట్టుకుంటూ ఉంటుంది. మొన్న ఆ అబ్బాయి నంబరు అడిగి తీసుకుంది.